కింది అంతస్తు

ఆఫీసులో అతన్ని అందరూ కత్తెర అనే పిలిచేవారు. కంప్యూటర్ గేములు ఆడి, అవి కొనుక్కోదగ్గవో కావో పాఠకులకు చెప్పే సైటులో అతనికి ఉద్యోగం. అతని చేతిమీదుగా ఏ గేముకూ పదికి పది పడ్డ పాపాన పోలేదు. లోకమంతా నెత్తిన పెట్టుకున్న గేములకు కూడా మొహమాటం లేకుండా ఏడో ఆరో వేసి పారేసేవాడు. "కత్తెరా, నిన్ను చేసుకోబోయే పిల్లకి ముందుగానే చెప్పు, ఎన్ని మార్కులు వేస్తావో" అని పక్క సీట్లవాళ్ళు ఆటపట్టిస్తుంటే అతనూ నవ్వేసేవాడు. లోలోపల మాత్రం ఆ పేరంటే కాస్త గర్వంగానే ఉండేది.

ఒకరోజు ఎడిటర్ మేడం అతని బల్ల దగ్గరికి వచ్చి, "చిన్న గేమట. ఇద్దరే కూర్చుని తీశారట. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతుంది, ఒక చూపు చూడు" అని అప్పజెప్పి వెళ్ళింది.

గేములో ఒక పాత భవంతి. దాని పై అంతస్తులో ఒక పనిపిల్లను బంధించి ఉంచారు. ఆ పిల్ల చప్పుడు కాకుండా బయటపడి, ఒక్కో అంతస్తే దిగుతూ, కాపలావాళ్ళ కంటపడకుండా వీధి గుమ్మం చేరాలి. దీపాలు ఆర్పుకోవాలి, పరదాల చాటున నక్కాలి, ఖర్మ కాలి దొరికితే చేతికందిన దాంతో ఒక్కటిచ్చుకుని పరుగు లంకించుకోవాలి. ఇలాంటివి కత్తెర లెక్కలేనన్ని ఆడాడు. అందుకే ఆవలిస్తూ మొదలుపెట్టాడు.

మొదటి కాపలావాడు ఎదురుపడగానే ఆవులింత ఆగిపోయింది. వాడికి పన్ను నొప్పి. చెంప పట్టుకుని తనలో తాను గొణుక్కుంటూ తిరుగుతున్నాడు. నొప్పి సలిపినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. అప్పుడు జారుకోవాలి. తర్వాతి అంతస్తులో ఇంకొకడు, కిటికీ కనపడితే చాలు, ఆగి అద్దంలో మీసం దిద్దుకుంటాడు. మరొకడికి చీకటంటే హడలు. దీపం ఆరిపోతే ధైర్యం కోసం పాట అందుకుంటాడు, ఆ పాట మోతలో మన అడుగుల చప్పుడు వాడికి వినపడదు. కత్తెర పైకే నవ్వేశాడు. చుట్టుపక్కలవాళ్ళు తలలు తిప్పి చూశారు, అతను పని చేస్తూ నవ్వడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

అలా ముచ్చటపడుతూ కింది అంతస్తుకు దిగాడు. అక్కడ ఏమీ లేదు. బోసి గోడలు. పరదాల్లేవు, కిటికీల్లేవు. కాపలావాళ్ళందరూ ఒకే అచ్చులో పోసినట్టున్నారు. ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తారు, అంతే. వాళ్ళకు మాటా లేదు, పాటా లేదు. వాళ్ళను దాటగానే వీధి గుమ్మం. తలుపు తీయగానే స్క్రీను తెల్లబడి, తీసినవాళ్ళ పేర్లు వచ్చి, గేము అయిపోయింది.

చేతిదాకా వచ్చింది నేలపాలైనట్టు అనిపించింది అతనికి. ఆ ఉక్రోషంలోనే రాశాడు. పై అంతస్తులను నోరారా మెచ్చుకున్నాడు. కింది అంతస్తు గురించి మాత్రం, "ఇక్కడికి వచ్చేసరికి తీసినవాళ్ళకే విసుగు పుట్టినట్టుంది, ఎప్పుడెప్పుడు వదిలించుకుందామా అని చుట్టేశారు" అని రాసి, పదికి ఆరు వేశాడు.

"అంతగా మెచ్చుకుని ఆరేనా?" అంది ఎడిటర్ మేడం.

"కింది అంతస్తు మొత్తాన్ని ముంచేసింది మేడం."

ఆ రివ్యూ సైటులో వచ్చింది. అతను ఇంకో గేములో పడి దాన్ని మరిచిపోయాడు.

కొన్నాళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం, ఎవరో పెద్దావిడ కలవాలంటున్నారని రిసెప్షన్ నుంచి పిలుపొచ్చింది. గేములు ఆడి మా పిల్లాడు పాడైపోయాడు, మీరే బాధ్యులు అంటూ అప్పుడప్పుడు తల్లులు వచ్చి దులిపేసి వెళ్ళడం మామూలే. అలాంటి వ్యవహారమే అనుకుంటూ అతను ఈసురోమని వెళ్ళాడు. సోఫా చివర ఒకామె కూర్చుని ఉంది. జుట్టు కత్తిరించుకుంది, కాలర్ చొక్కా వేసుకుంది, చేతిలో కారు తాళాలు.

"ఆ భవంతి గేము గురించి రాసింది మీరేనా బాబూ?"

"నేనేనండీ. చెప్పండి."

"నేను డ్రైవింగ్ నేర్పుతాను. గేములూ గీములూ నాకు తెలీవు. మీరు రాసింది చదివాను. అర్థం కానిచోట మళ్ళీ చదివాను. ఆరు వేశారు కదా..." ఆమె కాస్త ముందుకు వంగింది. "ఆరంటే పాసేనా?"

అతనికి నవ్వొచ్చింది. "పాసేనమ్మా. ఫస్టు క్లాసు కిందే లెక్క."

"అమ్మయ్య! బళ్ళో దానికెప్పుడూ అత్తెసరు మార్కులే. అయితే ఇది నయమే."

"ఎవరికమ్మా?"

"మా బుల్లికి. ఆ గేము మా అమ్మాయే చేసింది. దాని స్నేహితుడు బొమ్మలు గీసిచ్చాడు, మిగతాదంతా ఇదే."

కత్తెర ముఖం బిగుసుకుంది. తీసినవాళ్ళు తిడుతూ మెయిళ్ళు పంపడం ఉంది గానీ, ఇలా అమ్మను రాయబారం పంపడం ఇదే మొదలు. "చూడండమ్మా, వేసిన మార్కులు మార్చడం మా దగ్గర కుదరదు. మీ అమ్మాయికేమైనా అభ్యంతరముంటే తననే రాయమనండి."

"అది లేదు బాబూ."

"ఊళ్ళో లేదా?"

"లేదు. పోయింది. గేము బయటికి రాకముందే పోయింది."

కుడివైపు తిరిగితే బజారు వస్తుంది అని చెప్పినంత మామూలుగా చెప్పింది ఆమె. అతను సోఫాలో పక్కన కూర్చున్నాడు. ఆమే అందుకుంది.

"మార్కులు మార్చమని రాలేదు. ఆరేస్తారో రెండేస్తారో మీ ఇష్టం. ఒక్క మాట చెప్పి పోదామని వచ్చాను. చేసినవాళ్ళకే విసుగు పుట్టిందని రాశారు. విసుగు కాదు బాబూ. చేతులు రాలేదు."

జబ్బు ముందు ఎడమచేతి వేళ్ళకు పట్టుకుందట. తర్వాత కుడిచేతికి పాకింది. ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఒక్కో అక్షరమే కొట్టుకుంటూ చేసిందట కింది అంతస్తు. మిగిలింది నేను చేసేస్తానని స్నేహితుడు బతిమాలినా, "ముట్టుకున్నావంటే చూడు" అని కసిరిందట.

"నేను ఎదురుగా కుర్చీలో కూర్చునేదాన్ని" అంది తల్లి. "నాకు కనిపించేదల్లా ఆ కంప్యూటర్ మూత, దానిపైన దీని నుదురు. లేచి అటువైపు వెళ్ళానంటే మందేసుకో, పడుకో అని సతాయిస్తానని టప్పున మూసేసేది. సరేలే, పూర్తయ్యాక అదే చూపిస్తుంది, అప్పటిదాకా దాని జోలికి పోవడమెందుకని ఊరుకున్నాను. ఇప్పుడు నాకు నేనే ఆడదామంటే మొదటి వాడి దగ్గరే దొరికిపోతున్నాను. ఎలాంటి సందులోనైనా కారు తిప్పుతాను గానీ, ఈ నాలుగు మీటలు మాత్రం నా మాట వినవు. ఒక్కసారి ఆడి చూపిస్తారా? ఆ కింది అంతస్తు చూడాలని ఉంది."

అతను ఆమెను తన సీటు దగ్గరికి తీసుకెళ్ళి, పక్కన కుర్చీ వేసి, గేము మొదలుపెట్టాడు.

ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. కాపలావాడు ఇటు తిరిగినప్పుడల్లా బల్ల కింద ఆమె కుడికాలు నేలను గట్టిగా తొక్కేది. పక్కన కూర్చుని బ్రేకు వేయడం ఆమెకు అలవాటు. "ఆగాగు... వాడు చూస్తున్నాడు... ఆఁ, ఇప్పుడు పోనీ!" అని హడావిడి పడేది. పన్ను నొప్పివాణ్ణి చూపించి, "ఇది మా బాబాయే! డాక్టరు దగ్గరికి పోవయ్యా అంటే వినడు, ఇలాగే ఇల్లంతా తిరిగేవాడు" అంది. మీసం దిద్దుకునేవాడు రాగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వాళ్ళ నాన్న! అచ్చం మా ఆయనే! కిటికీ అద్దాన్ని కూడా వదలడు." నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఆయనకి చెప్పాను, బాబాయి ఉన్నాడు, నువ్వూ ఉన్నావేమో చూద్దాం రా అని. రానన్నాడు. ఆ కంప్యూటరున్న గదిలోకే అడుగుపెట్టడు."

చీకటికి భయపడి పాట అందుకునేవాడు బుల్లి మేనమామట. ఒక్కొక్కరినీ గుర్తుపట్టేకొద్దీ ఆమె ముఖం విప్పారింది. చుట్టూ ఉన్నవాళ్ళు పనులు ఆపేసి, చూడనట్టుగా చూస్తున్నారు.

కిందికి దిగే మెట్లు వచ్చాయి. "అందర్నీ పెట్టింది చూశావా దొంగముండ" అంది ఆమె. 'మీరు' కాస్తా ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. "నేనింకా రాలేదు. కింద ఉంటానేమో."

కింద ఏముందో అతనికి తెలుసు. అయినా చేసేదేముంది, దిగాడు.

బోసి గోడలు. ఒకే అచ్చు మనుషులు. ఆమె కళ్ళజోడు సర్దుకుని, స్క్రీనుకు దగ్గరగా జరిగి, ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది.

"వీళ్ళందరూ ఒకేలా ఉన్నారే. ఆడమనిషి ఎవరూ లేరా?"

"వెతుకుదామమ్మా."

గుమ్మం వైపు వెళ్ళకుండా అతను ప్రతి మూలకూ వెళ్ళాడు. కావాలనే కాపలావాళ్ళ పక్కన ఆలస్యం చేశాడు, వాళ్ళు ఏమైనా అంటారేమోనని. ఏమీ అనలేదు. దొరికిపోయాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ వెతికాడు.

"ఆ తలుపు వెనకాల?"

"అది ఉత్త బొమ్మమ్మా. తెరుచుకోదు."

"ఈ పక్కన నీడలాగా ఉందే?"

"గోడ నీడ."

ఆమె వెనక్కి వాలింది. "నేను లేను కదూ?"

అదిగో ఆ నీడ మీరే, ఆ గుమ్మం మీరే అని ఏదో ఒకటి చెబితే ఆమె నమ్మేసేదే. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కూతురు చేసిన దాన్ని కళ్ళారా చూడాలని వచ్చిన మనిషి ముందు అబద్ధం ఆడలేకపోయాడు.

"లేరమ్మా."

"చేతులు రాలేదు కదా. కుదిరుండదు."

"కుదిరుండదమ్మా."

వీధి తలుపు తీశాడు. స్క్రీను తెల్లబడింది. పేర్లు వచ్చాయి. కూతురి పేరు మీద ఆమె వేలు పెట్టింది. అది పైకి జరిగి, వేలి కిందనుంచి వెళ్ళిపోయింది.

"ఇంతేనా బాబూ?"

"ఇంతేనమ్మా."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎవరో నీళ్ళు తెచ్చిచ్చారు. తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్లమీద పెట్టి, "పోన్లే. చూశాను" అంది. క్లాసుకు ఎవరో ఎదురుచూస్తుంటారని లేచి, అతని ఫోన్ నెంబరు అడిగి తీసుకుని, వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కత్తెర ఎడిటర్ మేడానికి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ విని, "మార్కు మారుస్తావా?" అంది.

"లేదు మేడం. ముట్టుకోవద్దని స్నేహితుణ్ణే కసిరిన పిల్ల, జాలిపడి నేనొక మార్కు కలిపితే ఊరుకునేది కాదు. కానీ వాళ్ళకి విసుగు పుట్టిందని రాశాను. అది నాకెలా తెలుసు? ఎవరు చెప్పారని రాశాను?"

ఆ వాక్యం కొట్టేశాడు. దాని స్థానంలో, "కింది అంతస్తు పూర్తికాకుండా మిగిలిపోయింది. పై అంతస్తులు చేసిన మనిషి ఇంకొంతకాలం ఉండుంటే అది ఎలా ఉండేదో మనకు ఎప్పటికీ తెలియదు" అని రాశాడు. ముందు రాసింది ఎందుకు మార్చాల్సి వచ్చిందో చెబుతూ కింద ఒక వివరణ కూడా పెట్టాడు. ఆ తర్వాత ఎవరైనా కత్తెరా అని పిలిస్తే పలికేవాడు గానీ, నవ్వేవాడు కాదు.

డ్రైవింగ్ మేడం ఫోన్లు మొదలయ్యాయి. "బాబూ, మా బాబాయిని దాటేశాను!" అని ఒకసారి. "మా ఆయన దగ్గర ఇరుక్కుపోయాను, ఈ మనిషి ఇక్కడ కూడా వదలడు" అని ఇంకోసారి. ఏ మీట ఎప్పుడు నొక్కాలో అతను ఓపిగ్గా చెప్పేవాడు. క్లాసుకూ క్లాసుకూ మధ్య ఇంటికి వచ్చి ఆడుతోందట. పోనుపోను వేళ్ళు మాట వింటున్నాయట.

తర్వాత ఒక ఉదయం ఫోన్ చేసి, నెమ్మదిగా, "కిందికి వచ్చేశాను" అంది.

"భలే అమ్మా! అందర్నీ దాటేశారా?"

"దాటేశాను. గుమ్మం ముందు ఉన్నాను. తలుపు తియ్యలేదు. తీస్తే అయిపోతుంది కదా."

అతను ఫోన్ పట్టుకుని సీట్లోంచి లేచాడు.

"ఆ పనిపిల్లని అలాగే నిలబెట్టాను. నిలబెడితే భుజాలు కదుల్తున్నాయి బాబూ. మెల్లగా, పైకీ కిందకీ. ఊపిరి తీస్తోంది. ఆరోజు నువ్వు గబగబా నడిపించావుగా, నాకు కనపడలేదు. నేను చూస్తానని బుల్లే పెట్టుంటుందంటావా?"

ఏ గేములోనైనా, ఊరికే నిలబెట్టిన బొమ్మకు భుజాలు అలాగే కదులుతాయి. అది అందరూ పెట్టేదే. అందులోనూ ఈ బొమ్మలు గీసింది ఆ స్నేహితుడు. ఈ సంగతులు కత్తెర కన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు.

"అవునమ్మా" అన్నాడు. "మీరు చూస్తారనే పెట్టింది."

అవతల ఆమె ఏడవడం వినిపించింది. అతను ఫోన్ చెవికి ఆనించుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి ముక్కు చీదుకున్న శబ్దం, కుర్చీ జరిపిన శబ్దం.

"సరే బాబూ, క్లాసుకి టైమైంది. కంప్యూటర్ ఆపను. అలాగే వదిలేసి వెళ్తాను. వచ్చేసరికి ఉంటుంది కదూ?"

"ఉంటుందమ్మా."