ఇంజనీరు బావ, రివర్స్ థ్రెడ్డు

బావ గేటు తీసుకుని లోపలికి అడుగుపెట్టేసరికి బండి మూతకున్న రెండు స్క్రూల్లో ఒకటి ఊడొచ్చింది. ఇంకాస్త ఆలస్యంగా వచ్చుంటే రెండోది కూడా ఊడేది. ఇంట్లో అందరి పరువూ నిలిచేది.

చిన్నమ్మాయి వరండా ముందు బండికి స్టాండు వేసి, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. సందు మలుపులో చైను ముందు పళ్ళచక్రం మీంచి జారి, ఇంజను పక్కనున్న మూత వెనకాల ఇరుక్కుపోయింది. ఆ మూత తీస్తే చైను చేత్తోనే ఎక్కించుకోవచ్చు. తీయాలంటే ఇంకొక్క స్క్రూ ఊడాలి.

ఆమె ఇంటింటికీ పార్సిళ్ళు చేరవేసే కంపెనీలో పనిచేస్తోంది. ఇన్నాళ్ళూ గోడౌన్లో డబ్బాలకి స్టిక్కర్లు అంటించింది. ఇవాళే సొంతంగా ఒక రూటు ఇస్తున్నారు. మధ్యాహ్నంలోపు బండితో డిపోలో కనబడాలి. కనబడకపోతే ఆ రూటు వరసలో వెనకున్నవాడికి పోతుంది, ఆమె మళ్ళీ స్టిక్కర్ల దగ్గరికి పోతుంది.

"ఏంటి మరదలా, బండితో కుస్తీ పడుతున్నావ్?" అన్నాడు బావ, అప్పటికే చొక్కా చేతులు మడుస్తూ.

ఆమె స్క్రూడ్రైవర్‌ని వీపు వెనక దాచుకుంది.

బావ బీమా కంపెనీలో గుమస్తా. అత్తారింట్లో మాత్రం ఇంజనీరు బావ. పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లో టేబుల్ ఫ్యాను విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. అది తిరిగింది. ఆ తర్వాత ఆయన విప్పినవేవీ తిరగలేదు. మిక్సీ, కుట్టుమిషను, గోడ గడియారం అన్నీ ఆయన చేతుల మీదుగానే మూలపడ్డాయి. అల్లుడి మనసు నొచ్చుకోకూడదని అత్తగారు ఆయన ఊరెళ్ళాక వాటిని గుట్టుచప్పుడు కాకుండా బయట బాగుచేయించేది. మళ్ళీ వచ్చినప్పుడు, "మీ చెయ్యి పడ్డాక ఎంత బాగా పనిచేస్తోందో!" అనేది. దాంతో ఆయన ఇంకోటి విప్పేవాడు.

"ఒక్క స్క్రూయే బావా. మీరు లోపలికెళ్ళి టీ తాగండి."

"నేనుండగా నువ్వు చేతులు నల్లగా చేసుకోవడమేంటి? ఇటియ్యి."

స్క్రూడ్రైవర్ లాక్కుని, స్క్రూ తలలో పెట్టి, కుడివైపు తిప్పాడు.

"బావా, అటు తిప్పితే బిగుస్తుంది."

"నీకు తెలీదు. ఇది రివర్స్ థ్రెడ్డు."

"అంటే?"

"తిరిగే వస్తువులకి మరలు తిరగేసి ఉంటాయి. ఊడదియ్యాలంటే బిగించే వైపు తిప్పాలి. ఫ్యాను రెక్కకి అంతేగా? ఫ్యాను తిరుగుతుంది, చక్రమూ తిరుగుతుంది. లెక్క ఒకటే."

"ఇందాక పక్క స్క్రూ ఎడమవైపు తిప్పే తీశాను కదా?"

బావ ఆ ఊడిన స్క్రూని రెండు వేళ్ళతో ఎత్తి, ఎండకి పెట్టి చూశాడు. "ఇది ఒరిజినల్ కాదు. ఎవడో మెకానిక్కు దొంగ సరుకు అంటగట్టాడు."

కుర్చీలో పేపరు చదువుతున్న మావగారు ఉద్యోగమంతా బస్సు నడిపిన మనిషి. స్క్రూ ఎటు తిరుగుతోందో ఆయనకి శుభ్రంగా కనబడుతోంది. పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ అక్కకీ కనబడింది. "ఏవండీ, టీ చల్లారిపోతోంది" అంది. అత్తగారు గొంతు సవరించుకుంది. 

బావ గట్టిగా తిప్పాడు. ఇంకా గట్టిగా తిప్పాడు. స్క్రూడ్రైవర్ కిర్రుమని జారింది. స్క్రూ తల మీదున్న ప్లస్ గుర్తు కాస్తా గుండ్రటి గుంటగా మారింది.

"చూశావా! మెత్తటి ఇనుము" అన్నాడు, కేసు గెలిచినవాడిలా.

చిన్నమ్మాయి లేచింది. "వీధి చివర మెకానిక్కుని పిలుచుకొస్తా."

తల్లి ఆమె రెక్క పట్టుకుని పక్కకి లాగింది. "నోర్ముయ్. అల్లుడుగారు చేస్తుంటే బయటివాణ్ణి తెస్తావా? ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటారు?"

"నా రూటు పోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"రూటు ఇవాళ కాకపోతే రేపొస్తుంది. అలిగి వెళ్ళిన అల్లుడు మళ్ళీ వస్తాడా?"

"తప్పకుండా వస్తాడమ్మా. ఫ్రిజ్జు ఇంకా మిగిలే ఉందిగా."

ఈలోగా బావ సుత్తి తెప్పించుకున్నాడు. స్క్రూడ్రైవర్ని గుంటలో పెట్టి వెనకనుంచి దబదబా బాదాడు. కొస లోపలికి బాగా దిగబడింది. ఇక్కడ ఆగి, ఎడమవైపు తిప్పి ఉంటే పని అయిపోయేది. ఆయన ఆగలేదు. చెప్పులు అతికించే గమ్ము అడిగాడు.

"ఇది పడిందంటే రాయే" అంటూ బండి వైపు తల పెట్టి బోర్లా పడుకుని, కుడిచెయ్యి తిన్నగా చాచి స్క్రూడ్రైవర్ పట్టుకుని, ఎడంచేత్తో ట్యూబు పిండాడు. కొంత స్క్రూ మీద పడింది. మిగతాదంతా పిడి మీదుగా ఆయన వేళ్ళ సందుల్లోకి దిగింది. "ఎవరూ కదపకండి" అని ఆజ్ఞాపించి, తనూ కదలకుండా ఉండిపోయాడు.

కాసేపటికి, "మరదలా" అన్నాడు.

"ఏంటి బావా?"

"చెయ్యి... రావట్లేదు."

స్క్రూడ్రైవర్ స్క్రూకి అతుక్కుంది. బావ స్క్రూడ్రైవర్‌కి అతుక్కున్నాడు.

"అయ్యో బాబూ! వేడినీళ్ళు పెట్టనా?" అంది అత్తగారు.

"వద్దు వద్దు. సాయంత్రానికి అదే వదులుతుంది."

సాయంత్రం! చిన్నమ్మాయి లోపలి గడియారం వంక చూసింది. బావ వంక చూసింది. కొస గట్టిగా దిగింది, గమ్ము గట్టిగా పట్టింది. ఇంటిల్లిపాదికీ ఇప్పుడు మంచి స్క్రూడ్రైవర్ ఒకటి దొరికింది. దాని పిడి ఆరడుగుల బావ.

"నాన్నా, ఆయన కాళ్ళు పట్టుకో."

మావగారు పేపరు మడిచి లేచాడు. "అల్లుడి కాళ్ళు పట్టుకోవడం నాకేమన్నా కొత్తా" అని గొణుక్కుంటూ వచ్చాడు.

"అక్కా, నువ్వు నడుం దగ్గర."

అక్క ఎవరూ ఊహించనంత వేగంగా వచ్చింది.

"ఏం చేస్తున్నారు మీరంతా?" అన్నాడు బావ.

"తిప్పుతున్నాం బావా. మిమ్మల్నే."

"అయితే కుడివైపు! కుడివైపు దొర్లించండి! రివర్స్ థ్రెడ్డని చెప్పానా?"

మావగారి చేతులు కుడివైపుకే కదిలాయి. అల్లుడి మాట కాదనడం ఆ చేతులకి అలవాటు లేదు. చిన్నమ్మాయి పళ్ళు కొరుక్కుంది. అటు ఒక్క చుట్టు తిరిగితే స్క్రూ తల తెగిపోతుంది. ఆ తర్వాత మెకానిక్కు వచ్చినా డ్రిల్లు వెయ్యాల్సిందే.

"నాన్నా, ఎడమవైపు" అంది అక్క.

అందరూ ఆమె వంక చూశారు.

"ఏవోయ్, నీకేం తెలుసు..."

"మీరు కాసేపు నోరు మూసుకోండి" అంది అక్క, నడుం గట్టిగా పట్టుకుంటూ. చాలాకాలంగా దాచుకున్న మాటలా ఉంది, ఎక్కడా తడబడకుండా వచ్చింది.

బావని ఎడమవైపు దొర్లించారు. టక్కుమని చప్పుడైంది. "నా భుజం!" అని అరిచాడు బావ. భుజం కాదు, స్క్రూ. మళ్ళీ దొర్లించారు. బోర్లా, వెల్లకిలా, మళ్ళీ బోర్లా. పక్కకి జరిగినప్పుడల్లా మావగారు కాళ్ళు పట్టి మళ్ళీ బండి ముందుకి లాగాడు. బస్సుని షెడ్డులో పెట్టేవాడి ఓపిక అది. చివరికి స్క్రూ, దాంతోపాటు మూత ఊడి బావ చేతికి వేలాడాయి.

"ఊడింది!" అన్నాడు బావ దుమ్ములోంచి తలెత్తి. "గమ్ము వేస్తే ఊడుతుందని చెప్పానా?"

"మీ చెయ్యి పడ్డాక ఊడకుండా ఉంటుందా బాబూ" అంది అత్తగారు, నోరు ఊరుకోక.

చిన్నమ్మాయి ఆ మాటలు వినే స్థితిలో లేదు. చైను ఎక్కించింది, ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకుంది, కిక్కు కొట్టింది.

"మరదలా, మూత! మూత లేకుండా వెళ్తావేంటి?" అంటూ బావ గేటు దాకా పరిగెత్తాడు. మూత ఆయన చేతికి గలగలా కొట్టుకుంటోంది.

డిపోలో పార్సిళ్ళు అప్పటికే వ్యానులోంచి దింపేస్తున్నారు. వరసలో వెనకున్నవాడు ఆమె రూటు సంచుల పక్కనే నిలబడి ఉన్నాడు. సూపర్‌వైజరు ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూశాడు.

"చైను బయటికి కనబడుతోందేంటి? మూత ఏదమ్మా?"

"మా బావ చేతికి అతుక్కుంది సార్."

ఆయన తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. చేతుల మీది గ్రీజు చూశాడు. ఆయనకీ ఒక బావ ఉన్నట్టున్నాడు. ఇంకేమీ అడక్కుండా, వెనకున్నవాణ్ణి పక్కకి జరగమని సైగచేసి, మొదటి సంచి తనే ఎత్తి ఆమె బండి మీద పెట్టాడు.