రెండు మార్కుల గల్లీ

కృపారాణి అచ్యుతరామయ్య మీద పగ పట్టి నాలుగు నెలలైంది. పొద్దున యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకం తెరిచినా ఆ ముసలాయనే, క్యాంటీన్‌లో చాయ్ తాగుతున్నా ఆయనే, సాయంత్రం ఇంటికొచ్చి తల్లి కుడిచేతికి నూనె రాస్తున్నప్పుడైతే ఇక చెప్పనక్కర్లేదు. తలుచుకున్నప్పుడల్లా కడుపు మండేది. ఆ మంట చల్లారకుండా జాగ్రత్తగా చూసుకునేది కూడా. పీహెచ్‌డీ చేసే పిల్లకు ఓపిక ఉండాలంటారు. ఆ ఓపికంతా ఆమె దీనికే వాడింది.

అచ్యుతరామయ్య తార్నాకలో ప్రశాంతి ఎన్‌క్లేవ్ అనే కాలనీకి అధ్యక్షుడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడి, ఇంజనీరుగా రిటైరైన మనిషి. ఆ కాలనీ చివరి వీధికీ, మాణికేశ్వర్ నగర్‌లో కృపారాణి వాళ్ళ గల్లీకీ మధ్య ఒక గేటు ఉంది. ఒకప్పుడు పగలూ రాత్రీ తెరిచే ఉండేది. పోయిన ఫిబ్రవరి నుంచి సాయంత్రం ఎనిమిదయ్యేసరికి దానికి తాళం పడుతోంది. తాళం వేయించింది ఆయనే.

కృపారాణి తల్లి సోమమ్మ ఆ కాలనీలో మూడిళ్ళలో వంట చేసేది. అందులో ఒకటి అచ్యుతరామయ్య ఇల్లే. పని ముగిసేసరికి ఎనిమిదిన్నర. గేటు తెరిచి ఉంటే ఇంటికి నాలుగు నిమిషాలు. తాళం పడ్డాక రైలు పట్టాల పక్క మట్టిదారిలో చుట్టూ తిరిగి రావాలి, ముప్పావుగంట, ఒక్క దీపం లేదు. ఆర్నెల్లు అలాగే తిరిగింది. ఆగస్టులో ఒక వానరోజు వెనక నుంచి ఎవడో బైకు మీద దూసుకొస్తుంటే పక్కకు జరగబోయి మురుగు మోరీలో పడింది. కుడి మణికట్టు విరిగింది. లోపల రాడ్ వేశారు గానీ ఆ చేత్తో ఇప్పుడు గరిటె కూడా పట్టలేదు. మూడిళ్ళ వాళ్ళూ అయ్యో పాపం అని, మరో వంటమనిషిని చూసుకున్నారు.

తల్లి ఆసుపత్రిలో ఉండగానే కృపారాణి అచ్యుతరామయ్య దగ్గరకు వెళ్ళి, తొమ్మిదింటి దాకా గేటు తెరిచి ఉంచమని బతిమాలింది.

ఆయన చాలా మర్యాదగా కుర్చీ చూపించాడు. "చూడమ్మా, మీ అమ్మ మంచి మనిషి, ఆరేళ్ళు మా ఇంట్లో వండింది. కానీ చీకటి పడ్డాక అటునుంచి ఎవరొస్తారో నేనెలా చెప్పగలను? ఇది నా మాట కూడా కాదు. మీ యూనివర్సిటీ వాళ్ళే సర్వే చేసి మీ గల్లీకి ఎన్ని మార్కులేశారో తెలుసా? పదికి రెండు! రెండు మార్కుల గల్లీకి గేటు తెరిచిపెట్టమంటే కాలనీలో నన్ను బతకనిస్తారా?" అన్నాడు.

కృపారాణి కుర్చీలోంచి లేచి వచ్చేసింది. ఎందుకంటే ఆ రెండు మార్కులు వేసింది ఆమే.

యూనివర్సిటీలో అరుంధతి మేడమ్ నడిపే ప్రాజెక్టు అది. చీకటి పడ్డాక ఏ వీధి ఎంత భద్రంగా అనిపిస్తుందో ఆడపిల్లలే ఒంటరిగా నడిచి చూసి మార్కులెయ్యాలి. ఫారంలో ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు. వీధి దీపాలున్నాయా? బయట మనుషులున్నారా? కొట్లు తెరిచి ఉన్నాయా? ఎవడైనా వెంటపడితే తప్పించుకుపోవడానికి ఇంకో దారి ఉందా? నడిచినంతసేపూ భయం వేసిందా? మొదటి ఏడాది కృపారాణికి సొంత గల్లీయే వచ్చింది.

ఆ గల్లీలో పుట్టిన ఎవరినైనా అడగండి, సర్వే వాళ్ళు వస్తే ఏం చెయ్యాలో చెబుతారు. ఉన్నది లేదనాలి. రేషన్ కార్డు సర్వేకు వచ్చినప్పుడు సోమమ్మ కూలర్ మీద దుప్పటి కప్పి దాని మీద కూతుర్ని కూర్చోబెట్టింది. బాగున్నామని చెప్పుకున్న వాళ్ళకు సర్కారు ఏమిచ్చింది గనక? కృపారాణి కూడా అదే లెక్క వేసింది. ఎంత తక్కువ మార్కులేస్తే అంత తొందరగా దీపాలొస్తాయి. అందుకని సున్నా మీద సున్నా చుట్టింది. బయట మనుషులున్నారా అన్నదానికి సున్నా రాస్తుంటే ఎదురింటి చిట్టెమ్మ గడప మీద నుంచి "తిన్నవా బిడ్డా?" అని అడిగింది కూడా. కొట్లకు మాత్రం రెండు వేసింది. కిరాణా కొట్టు ట్యూబ్‌లైటు కింద నిలబడే ఫారం నింపింది మరి, దానికి సున్నా వెయ్యడానికి చెయ్యి రాలేదు.

దీపాలు రాలేదు. ఆ కాగితం మాత్రం తిరిగి తిరిగి ప్రశాంతి ఎన్‌క్లేవ్ సంఘం చేతిలో పడింది. పక్కనే ఇంత ప్రమాదకరమైన గల్లీ ఉంది, గేటు మూసుకోనివ్వండి అని వాళ్ళు మున్సిపాలిటీకి అర్జీ పెట్టారు. అనుమతి వచ్చింది.

ఈ సంగతి కృపారాణి ఎవరికీ చెప్పలేదు, తల్లికి అసలే చెప్పలేదు. తన మీద తనకు పుట్టిన కోపాన్ని కూడా తీసుకెళ్ళి ఆ ముసలాయన ఖాతాలోనే వేసేసింది. మనిషికి అది ఎంత సుఖమో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

డిసెంబరులో రెండో ఏడాది సర్వే మొదలైంది. అరుంధతి మేడమ్ వీధులు పంచుతుంటే కృపారాణి ముందుగా చెయ్యెత్తి ప్రశాంతి ఎన్‌క్లేవ్ అడిగి తీసుకుంది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. పదికి సున్నా వేస్తే? ఆ ముసలాయన ముఖం ఎలా మాడిపోతుందో ఊహించుకుని చీకట్లో నవ్వుకుంది. తెల్లవారేసరికి ఆ నవ్వు పోయింది. సున్నా వేస్తే ఏమవుతుంది? పాపం పెద్దమనుషుల కాలనీ అని పోలీసు బండి తిరుగుతుంది, కొత్త దీపాలొస్తాయి, గేటుకి ఇంకో తాళం పడుతుంది. బీదవాడి సున్నాకు తాళం, ఉన్నవాడి సున్నాకు కాపలా. ఆమె మంచం మీద లేచి కూర్చుంది. అయితే పదికి పది వేస్తాను అనుకుంది.

మర్నాడు సాయంత్రం అచ్యుతరామయ్య ఇంటి బెల్లు కొట్టి, ఈసారి ఆ వీధికి మార్కులేసేది తనేనని చెప్పింది.

మార్కులంటే ఆయనకు ప్రాణం. రిటైరై పదేళ్ళయినా, ఇంటికొచ్చిన వాళ్ళకు తన ఇంజనీరింగ్ ర్యాంకు చెప్పందే కాఫీ ఇవ్వడు. కృపారాణికీ చెప్పాడు, కాఫీ ఇచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి, "పదికి తొమ్మిది పైన వచ్చిన వీధుల పేర్లు రిపోర్టు మొదటి పేజీలో వేస్తారట కదమ్మా? మనకెన్ని రావచ్చు?" అని అడిగాడు.

కృపారాణి ఫారం తిప్పి చూసింది. "లైట్లకు రెండు పక్కా సార్. కానీ బయట మనుషులు కనపడరు, కొట్లు లేవు. గేటుకు తాళం ఉంటే తప్పించుకునే దారి లేనట్టే, అక్కడ రెండు పోతయ్. నాలుగు వస్తే ఎక్కువ సార్."

"నాలుగా!" అన్నాడాయన. జీవితంలో ఆ అంకె తన కాగితం మీద ఎన్నడూ చూసినట్టు లేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు నడిచేది ఎప్పుడు?"

"శుక్రవారం ఎనిమిదింటికి సార్."

శుక్రవారం ఎనిమిదింటికి కృపారాణి ఆ వీధిలో అడుగుపెట్టి నిలబడిపోయింది. ప్రతి గేటు ముందూ ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీల్లో రిటైరైన పెద్దలు, వాళ్ళ ఆడవాళ్ళు, ఏం మాట్లాడుకోవాలో తెలియక ఫోన్లు చూసుకుంటున్నారు. అంతకుముందు వీధిలోకి రానివ్వని ఇస్త్రీ బండిని మలుపులో నిలబెట్టారు. చివర గేటు బార్లా తెరిచి ఉంది. ఇన్నాళ్ళూ ఏ గల్లీని చూసి భయమేస్తుందన్నారో అచ్చం ఆ గల్లీలాగే తయారైంది ప్రశాంతి ఎన్‌క్లేవ్, ఆ ఒక్క గంట కోసం. తల్లి చెయ్యి విరగ్గొట్టిన తాళం రెండు మార్కుల కోసం ఊడిపోయింది. కృపారాణికి ఒళ్ళంతా మండిపోయింది. అయినా నవ్వుతూ పదికి పది వేసి ఆయన చేతికిచ్చింది.

"కింద మీ అభిప్రాయం రాసి సంతకం చెయ్యాలె సార్. గేటు సంగతి కూడా రాయండి, లేకుంటే ఆ రెండు మార్కులు కొట్టేస్తరు."

ఆయన గుండ్రటి అక్షరాలతో రాశాడు: మా వీధిలో చీకటి పడ్డాక ఎవరివల్లా, ఎలాంటి భయమూ లేదు. గేటు రాత్రి వేళ కూడా తెరిచే ఉంటుంది. అధ్యక్షుడు, అచ్యుతరామయ్య. సంతకం కింద సంఘం ముద్ర కూడా కొట్టాడు.

కృపారాణి ఆ కాగితం నకలు ఒకటి, గేటు తీసెయ్యమన్న అర్జీతో కలిపి, మున్సిపాలిటీలో ఇచ్చి వచ్చింది. ప్రమాదం ఉందన్న ఒక్క కారణం మీద ఇచ్చిన అనుమతి అది. ప్రమాదం లేదని అధ్యక్షుడే ముద్ర కొట్టి ఇచ్చాక ఇంకేం మిగిలింది? ఫిబ్రవరి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం గ్యాస్ కట్టర్ పట్టుకుని మనుషులొచ్చారు. చీకటి పడేసరికి గేటు రెండు ముక్కలై లారీ ఎక్కింది.

మాణికేశ్వర్ నగర్ సగం అక్కడే ఉంది. కృపారాణి తల్లిని వెంటబెట్టుకుని కాలనీ వైపుకు దాటి వచ్చి మరీ నిలబడింది, అచ్యుతరామయ్య ముఖం దగ్గర్నుంచి చూడాలని. ఆయన వచ్చాడు. ముఖం నల్లబడి ఉంది. ఆ నలుపు చూసి ఆమె గుండె నిండింది. ఆర్నెల్లు కాదు, ఆరేళ్ళు ఎదురుచూసినా దండగ కాదనిపించింది.

కానీ ఆయన ఆమె వైపు చూడలేదు. తిన్నగా సోమమ్మ దగ్గరకు వెళ్ళి, చంకలోని ఫైలు తెరిచాడు. గేటు తీసేస్తామని మున్సిపాలిటీ నోటీసు వచ్చిన రోజు నుంచీ ఆయన కూడా ఊరికే కూర్చోలేదు. పాత కాగితాలన్నీ తిరగేశాడు.

"సోమమ్మా, గేటుకి తాళం వేసింది నేనే, కాదనను. ఆ తాళం చేతికిచ్చిందెవరో నువ్వు తెలుసుకోవద్దూ? ఇదిగో, పోయినేడు మీ గల్లీకి రెండు మార్కులేసిన కాయితం. కింద సంతకం గుర్తుపడతావా?"

సోమమ్మకు చదువు రాదు. అంకెలు వచ్చు, కూతురి సంతకం తెలుసు. ఆసుపత్రి కాగితాల నిండా ఆ సంతకమే కదా. ఎడమచేత్తో కాగితం అందుకుని వీధి దీపం కిందికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"గిది నీ దస్కతేనా?"

"అమ్మా, తక్కువేస్తే లైట్లొస్తయనుకున్న..."

"లైట్లు లేవు, లేవనే రాస్తవ్. సరే. గీ రెండో సున్న దేనికి?"

"బయట మనుషులున్నరా అని అడిగిండ్రు."

"లేరని రాసినవా?" సోమమ్మ గొంతు పెద్దగా లేవలేదు. "నువ్వు లైబ్రరీ కెళ్ళి వచ్చేదాక చిట్టెమ్మ తలుపేసుకోకుండ గడప మీద కూసుంటది. ఎన్నేండ్ల సంది కూసుంటుంది? ఆమె మనిషి కాదా? కార్డు కోసం కూలర్ దాచినం బిడ్డా. మనుషులను దాచినమా ఎన్నడన్న?"

అచ్యుతరామయ్య ఫైలు మూసుకుని ఇంటి దారి పట్టాడు. ఆయన పని అయిపోయింది.

"పద అమ్మా, ఇంటికి పోదాం" అంది కృపారాణి తల్లి మోచెయ్యి పట్టుకుని.

సోమమ్మ చెయ్యి విడిపించుకుంది. గేటు ఊడబీకిన చోట రెండు అడుగులు వేసి అవతలికి దాటింది. దాటాక వెనక్కి తిరిగింది.

"నువ్విట్ల రాకు. సుట్టు తిరిగి రా. నేనెట్ల వచ్చిన్నో గట్ల రా."

"అమ్మా, చీకటైంది..."

"నాకు గూడ చీకటే ఉండె" అని వెళ్ళిపోయింది.

మధ్యలో గేటు లేదు, అడ్డేమీ లేదు. నాలుగు అడుగులేస్తే గల్లీ. కృపారాణి ఆ నాలుగు అడుగులూ వెయ్యలేకపోయింది. వెనక్కి తిరిగి కాలనీ దాటి, మెయిన్‌రోడ్డు దాటి, పట్టాల పక్క దారి పట్టింది. ఫోన్లో టార్చి ఉందని గుర్తొచ్చింది గానీ వెయ్యలేదు. తల్లికి టార్చి ఫోను లేదు. ఒక పక్క మోరీ వాసన, ఇంకో పక్క ముళ్ళపొదలు. వెనక బైకు చప్పుడు వినపడగానే ఒళ్ళు బిగుసుకుపోయింది. ఎటు జరగాలో తెలియక అక్కడే నిలబడి కళ్ళు మూసుకుంది. బైకు మీది వాడు ఏదో కూసి వెళ్ళిపోయాడు. ఆర్నెల్లపాటు రోజూ ఈ దారిన వచ్చి, ఏమీ జరగనట్టు అన్నం వడ్డించిన మనిషిని తలుచుకుని ఏడ్చింది. ఈ ఏడుపులో ఆ ముసలాయన లేడు. ఆయన్ని తిట్టుకుందామని చూసింది గానీ తిట్టు రాలేదు.

గల్లీలోకి వచ్చేసరికి తొమ్మిది దాటింది. వాళ్ళింటి తలుపు మూసి ఉంది. ఎదురింటి గడప మీద చిట్టెమ్మ కూర్చుని ఉంది.

"ఏందే గింత లేటు? మీ అమ్మ ఎప్పుడో వచ్చి తలుపేసుకున్నది. పిలిస్తే పలుకుతలేదు. ఏమైందే ఇద్దరికి?" అంటూ కొంగు సర్దుకుని, పక్కకు జరిగి గడప మీద చోటిచ్చింది.

కృపారాణి కూర్చుంది. ఏమైందో చెప్పాలంటే చిట్టెమ్మ ముఖంలోకి చూసి చెప్పాలి. ఆ పని చేతకాక తల వంచుకుంది.