కొత్తవాళ్ల సంచి

మా బావ ఔలిస్‌కి భార్యతో మనసులో మాట చెప్పాల్సి వస్తే, ముందు ఊరికంతటికీ పనికొచ్చే కార్యక్రమం ఒకటి మొదలుపెడతాడు.

మా అక్క హిల్కా ఆ వసంతంలోనే పోస్టాఫీసు నుంచి రిటైరైంది. వేసవంతా రౌమాలో పిన్ని కూతురి దగ్గర గడుపుతానని, ఇక్కడ తనకేం పని ఉందని భోజనాల దగ్గర తేలిగ్గా అనేసింది. బావ ఉడికిన బంగాళాదుంప తొక్క తీస్తూ "ఊఁ" అన్నాడట. మర్నాడే డిస్క్ గోల్ఫ్, అంటే అడవిలో నిలబెట్టిన ఇనప బుట్టల్లోకి ప్లాస్టిక్ బిళ్లలు విసిరే ఆట, దాని క్లబ్బు సమావేశం పెట్టి, కొత్తగా నేర్చుకునేవాళ్లకు అరువివ్వడానికి ఒక సంచి నిండా డిస్కులు లైబ్రరీలో ఉంచాలని తీర్మానం చేయించాడు. ఊళ్లో ఆట పెరగాలట. అధ్యక్షుడిగా ఇన్నేళ్లలో ఆయనకు ఆ కోరిక ఒక్కరోజూ కలగలేదు. భార్యతో కలిసి పైన్ చెట్ల మధ్య ఆడుకుంటూ నడవాలని, ఆమె రౌమా వెళ్లకూడదని ఆశ, అంతే. "నాతో ఆడతావా" అని అడిగితే సరిపోయేది. కానీ అడిగితే ఆమె వద్దనొచ్చు. తీర్మానాన్ని మా ఊళ్లో ఎవరూ వద్దనరు.

ఆ లైబ్రరీలో పనిచేసేది నేనే. పుస్తకాలతో పాటు చేపల గాలాలు, మంచుబూట్లు, కుట్టుమిషను కూడా ఇస్తాం కనుక డిస్కులు మాకు బరువేం కాదు. చిక్కంతా వాటిని ఎంచడంలో వచ్చింది.

అందుకోసం ఆదివారం తాల్కోత్ పెట్టారు. అంటే కూలి మాట లేకుండా అందరూ వచ్చి తలో చెయ్యి వేయడం. ఒకపక్క సాసేజీలు కాలుతుంటే కాఫీ తాగుతూ తలా రెండు మూడు డిస్కులు బల్ల మీద పెట్టారు. డిస్కు మీద ఉండే మొదటి అంకె దాని వేగం. అంకె పెద్దదయ్యేకొద్దీ చేతిలో అంత సత్తువ కావాలి, లేకపోతే అది ఎడమకు తిరిగి పొదల్లో పడుతుంది. ఈ సంగతి మా ఊళ్లో ఆడేవాళ్లందరికీ తెలుసు. అది పక్కవాడి చెయ్యి గురించి చెప్పిన సంగతని కూడా అందరి నమ్మకం. బల్ల మీదకు వచ్చినవన్నీ పన్నెండులూ పదమూడులే. ఎవరికీ లొంగక సంచుల అడుగున ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకు. ఇచ్చినవాళ్ల మొహాల్లో మాత్రం త్యాగం వెలిగిపోతోంది.

చిన్న అంకెలవీ, తేలికవీ తెమ్మని, వాళ్లు మొదట్లో దేనితో నేర్చుకున్నారో అవే కావాలని నేను మొత్తుకున్నాను. వాళ్లెవరూ మొదట్లో నేర్చుకోలేదట, పుడుతూనే వచ్చట.

"ఇంటికొచ్చినోళ్లకి పలచటి కాఫీ పోస్తామా తౌనో? ఉన్నదాంట్లో మంచిదే పెట్టాలి," అన్నాడు బావ నాతో. అని తన ప్రాణంలాంటి నారింజరంగు పదమూడు తీసి అన్నిటి పైనా పెట్టాడు. అదెవరికోసమో నాకు తెలుసు. జాలేసింది, ఒళ్లూ మండింది.

శనివారం ఆ సంచితో సహా అక్కను అడవికి తీసుకెళ్లాడు. ఫ్లాస్కు మోయడానికి నేనూ వెళ్లాను. అక్క నారింజ డిస్కు విసిరింది. అది కొంచెం ముందుకు పోయి, ఏదో మర్చిపోయినట్టు ఎడమకు తిరిగి చిత్తడిలోకి వెళ్లిపోయింది. తర్వాతవీ అదే దారి పట్టాయి. మణికట్టు సరిగ్గా తిప్పమని బావ పాఠం మొదలుపెట్టాడు.

"ఈ మణికట్టుతో ఊరందరి ఉత్తరాలకీ ముద్రలేశాను. దానికేం రోగం లేదు," అంది అక్క.

ఎలా విసరాలో చూపిస్తానని బావ విసిరాడు. అదీ చిత్తడిలోకే పోయింది. గాలి అన్నాడు. ఒక్క ఆకు కదిలితే ఒట్టు. ఆ సాయంత్రమే అక్క రౌమాకు బస్సు టికెట్టు కొనేసింది.

ఈలోగా లైబ్రరీలో సంచి చిక్కిపోవడం మొదలైంది. డిస్కు వెనక పేరు, ఫోన్ నంబరు రాసుకోవడం, దొరికినవాళ్లు మెసేజ్ పెట్టి తిరిగిచ్చేయడం మా దగ్గర ఆనవాయితీ. దానం చేసేటప్పుడు ఆ నంబర్లు చెరపాలని ఒక్కరికీ తోచలేదు. కొత్తవాళ్లు విసిరిన పదమూడులు పొదల్లో పడ్డాయి, కుక్కల్ని తిప్పేవాళ్లకు దొరికాయి, వాళ్లు ఎంతో నిజాయితీగా పాత యజమానుల ఇళ్లకు చేర్చారు. మధ్యవేసవి పండుగ నాటికి సంచి ఖాళీ. యజమానులేమో తామిచ్చినవి నచ్చక లైబ్రరీయే తిప్పి పంపిందనుకున్నారు. ఒక్కరూ నోరు విప్పి అడగలేదు. ఊరందరూ చేరే ఆవిరిస్నానాల గది, ఆ సౌనాలో నా పక్కన కూర్చోవడం మానేశారు, అంతే.

రౌమా వెళ్లేముందు పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చిన అక్క, ఆ ఖాళీ సంచి చూసి ఏమైందని అడిగింది. కడుపులో ఉన్నదంతా వెళ్లగక్కాను. అరువు తీసుకున్నవాళ్లలో ఒక్కరూ రెండోసారి రాలేదని కూడా చెప్పాను.

"పాపం, వాళ్లు కూడా తమ చెయ్యే పనికిరాదనుకుని ఉంటారు," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు ఆమె చేతిది కాదు, డిస్కులదని ఆ శనివారమే చెప్పాల్సినవాణ్ని, బావ మొహం చూసి ఊరుకున్నాను.

క్లబ్బు సామాన్ల గదిలో బడిపిల్లలు వాడి వదిలేసిన డిస్కుల పెట్టె ఉంది. అక్క దాన్ని నాచేత ఫుట్‌బాల్ మైదానానికి మోయించింది. ఒక్కొక్కటీ తనే విసిరి చూసింది. పెద్దగా బలం పెట్టకుండానే తిన్నగా పోయినవి సంచిలోకి, మొరాయించినవి పెట్టెలోకి. ఎవరి సలహా అడగలేదు, అంకెలు కూడా తర్వాతే చూసింది. అన్నీ మూడులు, నాలుగులు, అయిదులు. ఒక పసుపు డిస్కు చేతిలోంచి వెళ్లి, తీరిగ్గా తేలి, చాలా దూరాన మెత్తగా దిగింది. అక్క పకపకా నవ్వింది. రిటైరయ్యాక ఆమె అలా నవ్వగా నేను చూడలేదు. పాత పేర్లు చెరిపి, లైబ్రరీ నంబరు రాశాం.

రౌమా టికెట్టు రద్దయింది. ఆ కబురు విని బావ గడ్డం గీసుకుని, బూట్లు తుడుచుకుని, శనివారం కోసం కూర్చున్నాడు. అక్క శనివారం దాకా ఆగలేదు. ముగ్గురు ఆడవాళ్లను పోగేసి, తలా రెండు తేలిక డిస్కులు కొనుక్కుని రోజూ పొద్దున్నే వెళ్లిపోవడం మొదలుపెట్టింది. బావ కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది. భార్య ఊళ్లోనే ఉంది, ఆడుతోంది కూడా. రౌమాలో ఉంటే కనీసం ఫోనన్నా చేసేది.

చివరికి ఒకరోజు నేను భోజనానికి వెళ్లినప్పుడు, మీతో పాటు నేనూ వస్తే ఎలా ఉంటుందని సూపు గిన్నెలోకి చూస్తూ అన్నాడు.

"రా, ఎవరొద్దన్నారు? నీ పదమూడులు మాత్రం ఇంట్లో పెట్టి రా. నువ్వు విసిరినప్పుడల్లా మేం దోమలు కొట్టుకుంటూ పొదలు వెతకలేం. లైబ్రరీ సంచిలోవి తెచ్చుకుని విసురు."

"ఆ పిల్లల డిస్కులా? నేను క్లబ్బు అధ్యక్షుణ్ని హిల్కా."

"అందుకే మర్యాదగా చెప్తున్నా," అంది అక్క.

బావ చెంచా కింద పెట్టి లేచిపోయాడు. జులై అంతా ఒంటరిగా ఆడాడు. ఆడాడు అనేకంటే వెతికాడు అనడం న్యాయం.

ఆగస్టులో ఒక ఉదయం లైబ్రరీ తలుపు తీయగానే వచ్చాడు. పేపర్ల బల్ల దగ్గర క్లబ్బువాళ్లిద్దరు అప్పటికే కూర్చున్నారు. వాళ్లు లేచేదాకా ఆగొచ్చు. ఆగలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి సంచి ఇమ్మన్నాడు. అది కొత్తవాళ్లకు మాత్రమే కనుక, ఎవరికని అడగక తప్పదు. పరువు నిలబెడదామని నేనే గొంతు తగ్గించి, "మనవడికా బావా?" అన్నాను.

"కాదు, నాకే," అన్నాడు, ఆ బల్ల దాకా వినపడేలా. "నాకు విసరడం రావటంలేదు తౌనో. హిల్కా నేర్పుతానంది."

పేపర్ల చప్పుడు ఆగిపోయింది. సంచి చేతికిచ్చాను. దాన్ని భుజానికి వేసుకుని, తిన్నగా బుట్టలున్న అడవి వైపు నడిచాడు. నేర్పుతానని అక్క ఎప్పుడూ అనలేదు. ఆ మాట అడగడానికే ఆయన వెళ్తున్నాడు.