కుక్కల్ని హద్దు దాటించిన మంత్రి

మా బిస్కెట్ బాబాయ్ మంత్రి ఎలా అయ్యాడో పేపర్లవాళ్ళు పేజీలకి పేజీలు రాశారు. పట్టుదల అన్నారు, ప్రజాసేవ అన్నారు. ఒట్టి మాటలు. కుక్కల వల్ల అయ్యాడు.

అప్పట్లో బాబాయ్‌కి మా వీధిలో సైకిళ్ళ రిపేరు షాపు. వాళ్ళక్క తెల్లారకముందే ఇంటింటికీ పాల ప్యాకెట్లు వేసేది, అందుకని అందరికీ పాలక్క. ఓ పొద్దున ఆవిణ్ణి కుక్క కరిచింది. ఇంజెక్షన్ వేయించుకుని వచ్చి, షాపు ముందు నిలబడి తమ్ముణ్ణి దులిపేసింది.

"కౌన్సిలర్‌గా నిలబడతానని ఊరంతా డప్పు కొట్టుకుంటున్నావు. తోడబుట్టినదాన్ని కుక్క నుంచి కాపాడలేనివాడివి, వార్డునేం ఉద్ధరిస్తావురా?"

బాబాయ్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. 'కుక్కల్లేని వార్డు' అని గోడలనిండా రాయించి నిలబడ్డాడు. గెలిచాడు. గెలిచాక పశువుల డాక్టర్ దగ్గరికి పోయి ఉపాయం అడిగాడు.

"ఆపరేషన్లు చేయాలి, టీకాలు వేయాలి. అయిదారేళ్ళలో వాటంతటవే తగ్గుతాయి."

"అయిదారేళ్ళా? మధ్యలో ఎన్నికలున్నాయయ్యా!"

అటునుంచి అటే కిరాణాకొట్టుకి పోయాడు. మర్నాడు తెల్లవారుజామున జేబులనిండా బిస్కెట్లు కుక్కుకుని, సైకిలెక్కి, ఒక్కొక్కటే వెనక్కి విసురుకుంటూ మురిక్కాలవ దాకా తొక్కాడు. కుక్కలన్నీ పెళ్ళివారిలా వెనకాలే నడిచాయి. కాలవ దాటితే పక్క వార్డు. మిగిలిన బిస్కెట్లన్నీ అక్కడ కుమ్మరించి వచ్చేశాడు. కుక్కలు మళ్ళీ వెనక్కి రాకుండా రోజూ అక్కడికే వెళ్ళి పెట్టాడు.

మా వార్డు అద్దంలా తయారైంది. మేమూ సిగ్గులేకుండా చప్పట్లు కొట్టాం. పక్క వార్డువాళ్ళు లబోదిబోమంటుంటే, వాళ్ళ కౌన్సిలర్ చేతకానివాడన్నాం.

కొన్నాళ్ళకి ఆ వార్డువాళ్ళే వచ్చి "మా కుక్కల సంగతి కూడా చూడు బాబూ" అన్నారు.

"చైర్మన్ని చెయ్యండి, చూస్తా."

చేశారు. చూశాడు. ఊళ్ళో కుక్కలన్నీ ఊరి చివరి టోల్‌గేటు దాటాయి. టోల్‌గేటు అవతలివాళ్ళు గగ్గోలు పెట్టారు, శాసనసభ్యుడయ్యాడు. కుక్కలు జిల్లా దాటాయి. పక్క జిల్లావాళ్ళూ ఏడ్చారు, మంత్రయ్యాడు. ఆయన మెట్టెక్కినప్పుడల్లా అవి ఓ హద్దు దాటేవి. ఒక్కటంటే ఒక్కటి తగ్గింది లేదు. పైగా దారిపొడుగునా పిల్లల్ని పెట్టుకుంటూ పోయాయి. సైకిల్ పోయి కారొచ్చింది, డిక్కీనిండా బిస్కెట్లే. పశువుల డాక్టర్ అర్జీ పట్టుకుని వచ్చినప్పుడల్లా ఆయన భుజాల మీద శాలువా కప్పి ఇంటికి పంపేవాడు. మన రాజకీయమంటే ఇంతే. సమస్యని తీర్చరు, జరుపుతారు.

చివరికి పార్టీ పెద్దాయన పిలిచి తెగేసి చెప్పాడు. "ఈ ఎన్నికలకి రాష్ట్రంలో నీ కుక్కల మొరుగుడు నా చెవినబడిందో, నీకు టికెట్ లేదు."

రాష్ట్రం చివర ఓ పొడుగాటి వంతెన. అవతలిది వేరే రాష్ట్రం. బాబాయ్ పాలక్కని కారెక్కించుకుని బయల్దేరాడు. వెనక కుక్కలు, కుక్కల వెనక మా వీధివాళ్ళం వ్యానులో.

వంతెన సగానికి చేరామో లేదో, ఎదురుగా భౌ భౌ. ఓ బట్టతలాయన వస్తున్నాడు. భుజాన సంచి, వెనక ఇసుకేస్తే రాలనన్ని కుక్కలు. ఆయనా మంత్రేనట, అవతలి రాష్ట్రంలో.

బాబాయ్ కారు దిగాడు. "ఎందాకా అన్నయ్యా?"

"ఊరికే, వాకింగ్‌కి."

"ఇన్ని కుక్కల్తోనా?"

"ఒక్కణ్ణీ నడిస్తే తోచదు తమ్ముడూ. మరి నువ్వో?"

"నాదీ వాకింగే."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బట్టతలాయన గొంతు తగ్గించాడు. "వార్డు నుంచేనా?"

"వార్డు నుంచే. మురిక్కాలవతో మొదలెట్టా."

"నాది రైలు పట్టాలు" అని కళ్ళు తుడుచుకున్నాడాయన.

ఈలోగా రెండు మందలూ కలిసిపోయాయి. ఏది ఎవరి కుక్కో బ్రహ్మక్కూడా తెలియదు. బట్టతలాయన సంచి విప్పాడు. ఉడకబెట్టిన మాంసం! ఆ వాసనకి అన్ని కుక్కలూ బాబాయ్‌ని వదిలేసి ఆయన చుట్టూ మూగాయి.

బాబాయ్ పి.ఏ. ఎగిరి గంతేశాడు. "సార్! కారెక్కండి సార్! టికెట్ మనదే!"

బాబాయ్ కారెక్కాడు. తలుపు మాత్రం వేయలేదు.

"ఒక్కటన్నా తిరిగి చూడలేదేంటక్కా?"

"చూడకపోవడమేగా నీక్కావలసింది? పోనివ్వు బండి."

"ఇన్నేళ్ళూ నా వెనకాల నడిచిందెవరే? కార్యకర్తలు భోజనాలుంటేనే వచ్చారు."

"అవి మాత్రం నీ అందం చూసి వచ్చాయా? బిస్కెట్ కోసం వచ్చాయి, మాంసం కోసం పోయాయి."

"అయినా సరే" అని దిగి, వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు.

మాంసమైపోయిందో, అలవాటు లాగిందో మాకు తెలీదు. తలలన్నీ ఒక్కసారి లేచాయి. ఈయనవీ, ఆయనవీ, మొత్తం మందంతా దూకుతూ వచ్చి బాబాయ్ మీద పడింది. కింద ఎక్కడో మంత్రిగారి చెప్పొకటి కనిపించింది. బట్టతలాయన ఖాళీ సంచితో బిక్కమొహం వేసుకుని "తమ్ముడూ, నేనూ రానా?" అన్నాడు.

పి.ఏ. కూలబడ్డాడు. అప్పుడే వాడి చేతిలో ఫోన్ మోగింది.

"సార్... పెద్దాయన."

కుక్కల మధ్యనుంచి ఓ చెయ్యి పైకొచ్చి ఫోన్ అందుకుంది.

"ఏంటయ్యా ఆ గోల? మొరుగుడా?" పెద్దాయన అరుపు మా వ్యాను దాకా వినబడింది.

బాబాయ్ లేచి కూర్చున్నాడు. చొక్కా చిరిగింది, మొహమంతా కుక్కల చొంగ. ఫోన్ వాటివైపు తిప్పి పట్టుకున్నాడు.

"పెద్దాయన లైన్లో ఉన్నారు. మీ కష్టాలేంటో ఆయనకే చెప్పుకోండి."

చెప్పుకున్నాయి.