మిద్దింటి రాళ్లు

వానాకాలం వంక పారిందంటే మా ఊరి నుంచి జమ్మలమడుగు ఆసుపత్రికి మూడు రోజులు మనిషి దాటడు. నా నేస్తుడు జీవరత్నం కూతురు విమల కాన్పుకు పుట్టింటికొచ్చింది. ముందే అవతల ఉంచుదామంటే ఆ పక్క చుట్టాలు లేరు. నెల తిరక్కుండా వంకలో రాళ్ల దారి పడాలి. ఎవడు వేస్తాడు? ప్రభుత్వమా? ఎన్నికల ఏడు కాబట్టి మాట మాత్రం ఇచ్చింది.

మా ఊళ్లో రెండు వర్గాలు. మిద్దింటి రెడ్డిది అధికార పార్టీ, చావిడి రెడ్డిది ఎదుటి పార్టీ. పదేళ్లలో ఆరు శవాలు. అట్లాంటి ఊళ్లో, సైకిల్ షాపు పెట్టుకుని, ఏ వర్గంలోనూ చేరక సభల్లో మాట్లాడుతూ తిరిగే నేను, ఇంటింటికీ పోయి పిలిచాను. కూలి లేదు, జెండా లేదు, ఏ రెడ్డీ రాడు, ఎవరి సద్ది వాళ్లే తెచ్చుకోవాలి అన్నాను. కొందరిని బతిమాలాను, కొందరిని తిట్టాను.

ఇరవై రెండు మంది వచ్చారు. వర్గానికి పదకొండు మంది. మొదటి రోజు ఎడంగా నిలబడ్డారు. కానీ పెద్ద రాయి ఇద్దరితో కదలదు, పక్కనున్నవాడు ఎవడైనా సరే పట్టాల్సిందే. నాలుగో రోజు చావిడి వర్గం జిలానీ, మిద్దింటి వర్గం దేవపాలుకు బీడీ ఇచ్చాడు.

"ఏందిరా, దీంట్లో బాంబు మందు రవ్వంత దట్టించి ఇస్తాండావా?" అన్నాడు దేవపాలు.

"నీకు బాంబు దండగప్పా. దగ్గుకే పోతావు."

అందరూ నవ్వారు. నేను గెలిచాననుకున్నాను.

దారి వంక నడిమికి వచ్చేసరికి చుట్టుపక్కల రాళ్లు అయిపోయాయి. ఆ పూటే మిద్దింటి రెడ్డి ట్రాక్టర్ వచ్చింది, నిండా నాపరాళ్లు. "రెడ్డి ఊరికే పంపినాడు," అన్నాడు డ్రైవర్. నాకు మబ్బులు తప్ప ఇంకేమీ కనపడలేదు. దింపించాను.

మర్నాడు చావిడి వాళ్లు ఒక్కడూ రాలేదు. జిలానీ ఇంటికి పోయాను.

"వాని రాయి మోస్తే నేను వాని మనిషినంటారు. మా రెడ్డి ఊర్లో ఉండనిస్తాడా? పేపర్లు శానా చదువుతావే బాషన్నా, ఇది తెల్దా నీకు?"

"వానొస్తాందిరా."

"ఆ రాళ్లు తీసెయ్, వస్తాం."

నేనూ జీవరత్నం ఆ రాళ్లన్నీ గట్టు మీదికి ఈడ్చిపారేశాం. అది చూసి దేవపాలు వాళ్లు పారలు భుజాన వేసుకున్నారు. "మా రెడ్డి రాయి మీకు చేదాయనా? మీరే కట్టుకోండి పోండి." వాళ్లు లేరని జిలానీ వాళ్లూ దిగలేదు. ఒక్క వర్గమే కడితే అది ఆ వర్గం దారి అవుతుందట, రెండోవాడు పేల్చేస్తాడట. వారం రోజులు రెండు వీధుల్లో కాళ్లు పట్టుకున్నాను. ఎవరూ కాదనలేదు. ఎవరూ రాలేదు.

వాన వచ్చింది. రెండో రోజు పొద్దున్నే విమలకు నొప్పులు మొదలయ్యాయి. మంచం మీద పడుకోబెట్టి, నేను తలవైపు, జీవరత్నం కాళ్లవైపు ఎత్తుకుని రాళ్ల దారి చివరిదాకా పోయాం. అక్కడి నుంచి అవతలి గట్టుకు పది బారలు. నడుముకు పైగా ఎర్రనీళ్లు. ఎనిమిది మంది చుట్టూ పడితే దాటించవచ్చు.

వెనక గట్టు మీద మనుషులున్నారు. కుడి పక్క దేవపాలు వాళ్లు, ఎడమ పక్క జిలానీ వాళ్లు. అందరూ తడుస్తూనే నిలబడ్డారు.

"దిగండిరా! దేవపాలూ! మీ అక్కచెల్లెండ్లు లేరా?"

"వాళ్లు గట్టు మీదుంటే మేము నీళ్లలో దిగాల్నా? వెనకనుంచి బాంబు ఏస్తే? వాళ్లను ముందు దిగమను."

జిలానీ వైపు తిరిగాను. వాడు తల దించుకున్నాడు. "వాళ్లు దిగితే దిగుతామన్నా."

ఎన్ని సభల్లో మైకు లేకుండా అరిచినవాణ్ణి. మంచం పట్టె ఇంకోసారి సర్ది పట్టుకున్నాను.

"ఎడం పక్క గుంత ఉంది, చూసుకో మామా!" దేవపాలు జీవరత్నాన్ని కేకేశాడు.

"అవును, గుంత శానా లోతు!" అన్నాడు జిలానీ.

విమల పళ్లు కరుచుకుని తండ్రి చేతుల వైపు చూసింది. మంచం కిందికి జారుతోంది.

"దింపండి నాయనా. చేతులు నొస్తాయి మీకు."

అక్కడే, రాళ్ల మీద దింపాం.