బాత్రూం గడపకు పసుపు

"ఛీ! ఆడమనిషి ఉన్న ఇల్లేనా ఇది? బాత్రూంల కాలు పెట్టబుద్ధి అయితలేదు," అన్నాడు మా ఆయన విఘ్నేశ్వర్, పళ్లు తోముకుంటూ.

ఆ బాత్రూంలో అత్తమ్మతో కలిపి ముగ్గురం స్నానం చేస్తాం. నీళ్లు నిలిచి చెక్క గడప కుళ్లిపోయింది. మేస్త్రీని పిలవమని మూడు నెలలుగా మొత్తుకుంటున్నాను. కుళ్లిన చోట పసుపుపచ్చగా, నురగలా ఏదో పుట్టింది. పొద్దున జానెడు ఉంటే మర్నాటికి మూరెడు పాకుతుంది. ఫోటో చూపిస్తే మా కంపెనీ ల్యాబ్ మేడం, "స్లైమ్ మోల్డ్ అంటారు దీన్ని, బూజులాంటిదే, తడి ఆరితే పోతుంది," అంది. తడి ఎవరు ఆరనిస్తారు?

వారం నుంచి నేనే బ్రష్‌తో గీకుతున్నాను, చేతులకు గ్లవుజులైనా లేకుండా. యాక్! చీమిడిలా సాగుతుంది, గోళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది. అన్నం కలుపుతుంటే అదే గుర్తొచ్చి డోకొస్తుంది. యాసిడ్ పోసి రుద్దితే వేళ్ల చర్మం లేచిపోయింది. నేను చేసేది గడ్డపోతారం మందుల కంపెనీలో మాత్రల ప్యాకింగ్. చేతికి పుండుంటే లైన్లోకి రానివ్వరు. "ఇంకోసారి గిట్ల వస్తే వేరేటోళ్లను పెట్టుకుంటం," అని సోమవారం సూపర్‌వైజర్ చెప్పేసింది. ఆ మాట ఇంట్లో చెబితే, "కంపెనీల గ్లవుజులు ఉంటయ్ గద, రెండు తెచ్చుకోరాదు?" అన్నాడు ఈయన. నన్ను దొంగతనమైనా చెయ్యమంటాడు గానీ బ్రష్ మాత్రం పట్టడు.

ఇవాళ మళ్లీ బ్రష్ తీసుకుని కూర్చున్నానో లేదో, అత్తమ్మ వచ్చి గడప చూసి చెంపలు వేసుకుంది.

"ఆగు ఆగు! గిది పాచి గాదే. తల్లి తనంతట తనే గడపకు పసుపు పెట్టుకున్నది!"

కుంకుమ తెచ్చి ఆ జిగురు మీద బొట్లు పెట్టింది. నెలసరి మూడో రోజు నాది. ఆమెకు అదీ గుర్తొచ్చింది.

"నువ్వు బయటున్నవ్. ముట్టకు, పాపం తగుల్తది."

వారం రోజులు రోతగా ఉన్నంతసేపు అది నా పనే. దేవతైందో లేదో, నేను మైల. ఒళ్లు మండిపోయింది.

తువ్వాల భుజాన వేసుకుని వచ్చిన ఈయన ఆ బొట్లు చూసి ముఖం చిట్లించాడు. "నా షిఫ్టుకు టైమైతుంది. ఇంద్రజా, జెర జల్దీ గీకెయ్."

"అది ముట్టొద్దురా!" అంది అత్తమ్మ.

"మరెవరు గీకాలె?"

తడి బ్రష్ తీసి ఆయన చేతిలో పెట్టాను.

"తల్లయితే మొక్కుండ్రి, పాచయితే గీకుండ్రి. నా చేతులకు డ్యూటీ ఉన్నది."