కలిసి రొట్టె తినేవాడు

యుద్ధం ముగిసింది, రెమోను వాళ్ళ దేశానికి పంపించే రోజు దగ్గరపడింది. రెమో ఇటలీవాడు, జాలహళ్ళి క్యాంపులో యుద్ధఖైదీ. బయట పనిచేసుకోవడానికి అనుమతి దొరికాక బళేపేటలో నా రొట్టెల అంగడికి వచ్చాడు. వానకు కూలిన పొయ్యిని మళ్ళీ కట్టి, నా నోట్లో మట్టి పడకుండా కాపాడినవాడు అతడే. పోయేలోపు అతడిని మా ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కపూట అన్నం పెట్టాలని నా కోరిక. మా అమ్మ కెంపమ్మ ఒప్పుకుంటే కదా.

"తెల్లోడు, ఏమేమో తినేవాడు. నట్టింట్లో ఎట్ల కూచోబెట్టేదిరా పిల్లప్పా? ఎప్పటిమాదిరి పెరట్లోనే పెడతాను" అంది. కల్లు వేసి పులియబెడతామని నా రొట్టెనే ముట్టని మనిషి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ చివరి ఆదివారం రెమో పొయ్యిలోంచి రొట్టెలు తీస్తుంటే అమ్మ మజ్జిగ తెచ్చింది. ఊరికే ఉండలేక అడిగింది: "మీ ఊర్లో ఈ రొట్టెను ఏమంటారప్పా?"

రెమో ఒకప్పుడు ఓడల్లో వంటవాడు, రేవు రేవూ తిరిగినవాడు. మా వీధి తెలుగు కూడా బాగానే పట్టాడు.

"మేము పానే అంటాం అమ్మా. స్పెయిన్‌లో పాన్, పోర్చుగల్‌లో పావ్. ఫ్రాన్సోళ్ళు ముక్కుతో పాఁ అంటారు. అన్నిటికీ తల్లి ఒకటే, పాత లాటిన్ మాట, పానిస్."

"ఇంగ్లీషోళ్ళకో?" అన్నాను.

"వాళ్ళ బ్రెడ్ వేరే వంశం. అయినా మా పానిస్ వాళ్ళింట్లోనూ ఉండాది. స్నేహితుణ్ణి కంపానియన్ అంటారే, దాంట్లో. కలిసి రొట్టె తినేవాడని అర్థం. కంపెనీ కూడా అదే."

"కంపెనీ దొరలు మనతో కలిసి తిన్నారా ఏంది? మన చేతిలోది లాక్కొని తిన్నారు" అన్నాను. రెమో నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"నువ్వు ఇన్ని దినాలూ ఒక్కడివే తింటా ఉండావు కదప్పా" అంది.

మధ్యాహ్నం ఆమె నట్టింట్లో మూడు ఆకులు వేసింది. ఒకటి తనకు. మా నాన్నతో కూడా ఏనాడూ పక్కన కూర్చుని తిని ఎరగదు. రొట్టె తెమ్మని, విరిచి సగం రెమోకు ఇచ్చి, మిగతాది కషాయం మింగినట్టు మొహం పెట్టి తినింది.

"పుల్లగా ఉండాది. బాగుండాదిలే" అంది.

తిన్నాక రెమో పెరటి అలవాటుగా తన ఆకు తానే మడిచి ఎత్తబోయాడు. అమ్మ అతడి చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ అప్పా. ఆకు ఎత్తుకునేది బయటోళ్ళు."

ఆ ఎంగిలాకును ఆమే ఎత్తి తీసుకుపోతుంటే రెమో ఏడ్చాడు. నాకు మా అమ్మకు దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టాను.